పెరడు మానలేదు, తుమ్ములు తగ్గాయి

ఆషాఢం వచ్చిందంటే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బట్టలు ఆరవు, అప్పడాలు మెత్తబడిపోతాయి, గోడల మూలల్లో నల్లగా బూజు పడుతుంది. ఊరి పక్కన మహేంద్రతనయ, చుట్టూ వరి మడులు, దూరంగా కొండలు. చూడడానికి ఎంత పచ్చగా ఉంటుందో, ముక్కూ ఊపిరీ సున్నితంగా ఉన్నవాళ్లకి అంత గడ్డుకాలం. ఏటా ఆషాఢం నుంచి కార్తీకం దాకా నాకు ముక్కు కారడం, వరసపెట్టి తుమ్ములు, కళ్ల దురద. కొన్నేళ్లకి రాత్రిళ్లు పిల్లికూతలు కూడా తోడయ్యాయి. పడుకుంటే గాలి అందేది కాదు, లేచి గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని.

అందరూ తప్పు పెరడు మీదే వేసేవారు. మా ఇంటి వెనక మునగ, జామ, కరివేపాకు, బీర పందిరి, బంతి వరసలు, ఆ గోడ అవతల వరి పొలం. ఈ పెరడంటే నాకు ప్రాణం. నేను తుమ్మినప్పుడల్లా మా ఆయన "ఆ మొక్కల వల్లే నీకీ రొంప. సిమెంటు చేయించేద్దాం, గొడవ వదిలిపోతుంది" అనేవారు. అత్తయ్య మాత్రం "పెరడు లేకపోతే అదేం ఇల్లురా" అని నా వైపు నిలబడేది. పురుగులు, దోమలు, దద్దుర్లు అన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి కాబట్టి తుమ్ములూ అక్కడి నుంచే అని నలుగురూ అనడంలో వింతేమీ లేదు.

నేను పెరడు వదులుకోదలుచుకోలేదు. అందుకే అసలు సంగతి తేల్చుకుందామనుకున్నాను. బరంపురంలో చదువుకుంటున్న మా ఆడపడుచు కూతురు కూడా "ఒక్కసారి ఎలర్జీ టెస్టు చేయించుకో అత్తా, ఊహలెందుకు" అంది.

మా ఊరి డాక్టరుగారు టెస్టుకి ముందు ఒక పని చెప్పారు. తుమ్ములు వచ్చిన ప్రతిసారీ ఏ వేళకి వచ్చాయో, దానికి ముందు ఏం చేస్తున్నానో రాసుకోమన్నారు. గోడకి తగిలించిన తెలుగు క్యాలెండరు గళ్లలోనే రాస్తూ వచ్చాను. "పొద్దున్న, పక్క దులిపాక." "ట్రంకుపెట్టె తీశాక." "సాయంత్రం, పొగ వేశాక." "మిల్లు నుంచి తవుడు తెచ్చాక." అలా రాస్తూ రాస్తూ శ్రావణం వచ్చేసరికి గళ్లు నిండాయి. కూర్చుని చదువుకుంటే ఒక సంగతి స్పష్టంగా కనపడింది. పెరట్లో ఉన్నంతసేపూ నా ముక్కు దాదాపు బాగానే ఉంటోంది. దద్దుర్లు అక్కడ వస్తున్నాయి, తుమ్ములు మాత్రం ఇంట్లోకి వచ్చాకే.

టెస్టు కోసం విశాఖ వెళ్లాం. గుణుపురం నుంచి వచ్చే పాసింజరు మాకు అలవాటే. ఎలర్జీ మాత్రలు వారం ముందే ఆపేయమన్నారు, లేకపోతే టెస్టు పలకదట. ఆ వారం బాగా కష్టపడ్డాను. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద సన్నటి మొనతో గుచ్చారు. నొప్పి ఏమీ లేదు, చీమ కుట్టినంత కూడా లేదు. పావుగంట దాటేలోపే కొన్ని చోట్ల దద్దురు లేచి ఎర్రబడింది, గోకకుండా ఉండడమే కష్టం. స్కేలు పెట్టి కొలిచారు. పూల పుప్పొళ్లలో వయ్యారిభామ అనే కలుపుమొక్కకి కొద్దిగా వచ్చింది. గడ్డి పుప్పొడికి ఏమీ లేదు. బొద్దింకకి బాగానే వచ్చింది. అన్నిటికంటే పెద్ద దద్దురు డస్ట్ మైట్‌ది. డాక్టరమ్మ నవ్వి, "మీ పెరడుని ఏమీ అనకండమ్మా, మీ పరుపుని అనండి" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తే.

డస్ట్ మైట్ కంటికి ఆనని పురుగు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. అది నీళ్లు తాగదు, గాలిలో తేమనే పీల్చుకుంటుంది. అందుకే తేమ ఎక్కువున్న ఊళ్లలో దానికి పండగ. కుట్టదు, కరవదు. దాని రెట్ట, దాని ఒంటి తునకలు గాల్లో లేచి ముక్కులోకి వెళ్తే ఎలర్జీ. నేను తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొని పడకగదిలో పెట్టాను. వానాకాలంలో అది 80 శాతం కిందికి దిగడం అరుదు. 50 శాతం లోపు ఉంటే ఆ పురుగు బతకలేదట. మా ఊళ్లో ఆ అంకె కావాలంటే ఎండాకాలం మధ్యాహ్నమే రావాలి. కాబట్టి తేమతో పోట్లాట ఒక్కటే చాలదు, దాని తిండీ గూడూ తీసేయాలి.

గూడు ఎక్కడో వేరే చెప్పాలా? బూరుగుదూది పరుపు, బూరుగుదూది తలగడలు, పాత చీరలు కలిపి కుట్టిన బొంతలు. అత్తయ్య తన చేత్తో కుట్టిన బొంతలు అవి, పారేయమనడానికి నాకు నోరు రాలేదు. పారేయాల్సిన పని కూడా లేదు. మైట్ చావాలంటే 60 డిగ్రీల వేడి నీళ్లు కావాలి. పెద్ద డేగిసాలో నీళ్లు కాచి, దుప్పట్లు, తలగడ గలీబులు, పల్చటి బొంతలు వారం వారం అందులో నానేసి ఉతుకుతున్నాం. పరుపుకి, తలగడలకి జిప్పున్న దట్టమైన కవర్లు కుట్టించాను. ఇక్కడ దర్జీకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మామూలు గుడ్డ పనికిరాదు, నేత చాలా సన్నగా ఉండాలి, జిప్పు మూడు వైపులా తిరగాలి. మందపాటి బొంతలు మాత్రం ఎండకే. వానాకాలంలో ఎండ దొరికితే బంగారమే. ఒక గంట ఎండ కాసినా పరుపులన్నీ డాబా ఎక్కేస్తాయి. దులిపే పని మా ఆయనది, ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఆ గంటా నేను పెరట్లో ఉంటాను.

గోడ సంగతి వేరే కథ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి గజపతి జిల్లాని ముంచెత్తినప్పుడు మా పడకగది గోడ మోకాలెత్తు తడిసింది. ఆ తర్వాత ఎన్ని రంగులు వేసినా ఆ గోడకి వానాకాలంలో నల్ల బూజు తప్పేది కాదు. రంగు మీద రంగు వేస్తే లోపలి తడి ఎక్కడికి పోతుంది? ఈసారి ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూశాం. డాబా పిట్టగోడ దగ్గర సన్నటి పగులుంది, అది మూయించాం. లోపల పెళ్లలు చెక్కించి కొత్తగా పూత వేయించాం. పైన ప్లాస్టిక్ రంగు కాకుండా సున్నం కొట్టించాం. సున్నానికి క్షారగుణం ఉంటుంది, దాని మీద బూజు తొందరగా పట్టదు, గోడ కూడా ఊపిరాడి ఆరుతుంది. మంచం ఆ గోడకి జానెడు దూరం జరిపాం. వానకి ఆరని బట్టలు పడకగదిలో తాడు కట్టి ఆరేయడం మానేసి వసారాలో ఫ్యాన్ కింద ఆరేస్తున్నాం. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడుస్తున్నాం. బొద్దింకలకి స్ప్రే కొట్టడం లేదు. బోరిక్ పౌడరు, పంచదార, గోధుమపిండి కలిపి చిన్న ఉండలు చేసి స్టవ్ కింద, సింకు వెనక పెడుతున్నాం, పిల్లలకీ పిల్లికీ అందనిచోట.

ఇక పొగ. సాయంత్రం దీపాలవేళకి వేపాకు, కొబ్బరిపీచు కలిపి పొగ వేయడం అత్తయ్యకి చిన్నప్పటి నుంచి అలవాటు. రాత్రి మంచం కింద కాయిల్. దోమలు మా ఊళ్లో అంతా ఇంతా కాదు, పొలం పక్క ఇల్లాయె. ఆవిడ పొగ వేసేది మమ్మల్ని కాపాడడానికే. కానీ నా క్యాలెండరు గళ్లలో పిల్లికూతలు రాసిన రోజులన్నీ పొగ రోజులే. డాక్టరమ్మ కూడా ముందు అదే ఆపమన్నారు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలిందని చెప్పారు.

అత్తయ్య ఒప్పుకోలేదు. "పొగ లేకపోతే దోమలు పీక్కుతింటాయి. మలేరియా వస్తే ఎవరు చూస్తారే?" అంది. ఆ భయం ఉత్తిది కాదు. గుమ్మ, మోహన, నువాగడ వైపు కొండ ఊళ్లలో మలేరియా ఎన్ని ఇళ్లని ఏడిపించిందో ఆవిడ కళ్లతో చూసింది. 2017లో ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరుతో కొండల్లో ఊరూరా రక్తపరీక్షలు మొదలుపెట్టింది, మందు పట్టించిన దోమతెరలు పంచింది. "పొగ ఒక్కటే మానేద్దాం అత్తయ్యా, దోమల సంగతి నేను చూసుకుంటాను. ఒక్క నెల చూడు, నచ్చకపోతే మళ్లీ వేద్దువుగాని" అన్నాను. సరేనంది.

ఆ నెల నేను దోమల వెనక పడ్డాను. శుక్రవారం వచ్చిందంటే గోలెం, బకెట్లు, కూలరు, తులసికోట పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, పక్షుల కోసం పెట్టిన నీళ్ల చిప్ప, అన్నీ బోర్లించాలి. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి ఇంచుమించు వారం నుంచి పది రోజులు చాలు, అందుకే వారానికోసారి. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. కాబట్టి కొబ్బరిపీచుతో గోలెం లోపల అంచులు గట్టిగా తోమాలి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి నైలాన్ వల కట్టాం. సాయంత్రం చెవిలో గుయ్యిమనే దోమలు ఎక్కువగా అక్కడివే అని తర్వాత తేడా చూసి తెలిసింది. నూతిలో దోమ పిల్లల్ని తినే గప్పీ చేపలు వేశాం. కిటికీలకి జాలీ బిగించాం. సాయంత్రం వసారాలో కూర్చునేచోట కాళ్ల ఎత్తున టేబుల్ ఫ్యాన్ పెట్టాం. దోమ బలహీనంగా ఎగురుతుంది, ఆ గాలికి నిలవలేదు. అత్తయ్యకి అన్నిటికంటే నచ్చింది ఆ ఫ్యానే. రాత్రి దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటాం. ప్రభుత్వం ఇచ్చిన మందు తెరని ఎండలో ఆరేయకూడదు, నీడలోనే ఆరేయాలి, మాటిమాటికీ ఉతక్కూడదు. ఇరవై ఉతుకుల దాకా, లేదా మూడేళ్ల దాకా దాని మందు పనిచేస్తుంది.

నెల అయ్యాక అత్తయ్య పొగ మాట ఎత్తలేదు. వేపాకు ఇప్పుడు బియ్యం డబ్బాల్లోకి వెళ్తోంది.

ఇదంతా జరుగుతుండగానే ఒకసారి నాకు చలిజ్వరం వచ్చింది. ఎలర్జీతో ముక్కు కారుతుంది, తుమ్ములొస్తాయి, జ్వరం రాదు. అందుకే జ్వరం వచ్చిన రోజే ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీని పిలిచాం, వేలు గుచ్చి కిట్ మీద రక్తం వేసి చూసింది. మలేరియా కాదు. ఒంటి మీద ఎక్కడైనా నల్లగా చెక్కు కట్టిన పుండు ఉందేమో కూడా చూడమంది, చంకలు, గజ్జలు, నడుం దగ్గర. పొదల్లో ఉండే సన్నటి నల్లి (మంచం నల్లి కాదు) పిల్ల కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, దానికి గుర్తు ఆ చెక్కు. వానాకాలం, చలికాలం మొదట్లో మా వైపు అది మామూలే. గుర్తిస్తే మాత్రలతో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణాల మీదికి వస్తుంది. నాది మామూలు వైరల్ జ్వరమే.

ఇప్పుడు పెరడు. తుమ్ములకి అది కారణం కాకపోయినా చర్మానికి మాత్రం దానితో పేచీ ఉంది.

అన్నిటికంటే బాధపెట్టింది ఒక సన్నటి పురుగు. వరి కోతల ముందు, వాన వెలిసిన రాత్రుల్లో ట్యూబులైటు దగ్గరికి వస్తుంది. మిణుగురంత కూడా ఉండదు, తల నల్లగా, మెడ ఎర్రగా, తోక కొస నల్లగా, నడుస్తూ తోక పైకెత్తుతుంది. కుట్టదు, కరవదు. మెడ మీద పాకితే మనం చెయ్యి పెట్టి నలిపేస్తాం కదా, అప్పుడు దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుకుంటుంది. ఆ రోజు ఏమీ తెలియదు. మర్నాడు మంట మొదలై, గీత గీసినట్టు ఎర్రబడి, చీముపొక్కులు లేస్తాయి. మోచేయి మడతలో పడితే రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా వస్తుంది. మా వీధిలో చాలామంది దీన్ని సర్పి అనుకుని పసర్లు రాయించుకుంటారు. మా పక్కింటి ఒడియా మౌసీ మనవడికి కంటి కింద ఇలాగే వస్తే, నేను పురుగుని చూపించి చెప్పాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ పురుగు ఒంటి మీద వాలితే నలపకూడదు, ఊదేయాలి, లేదా కాగితం మీదికి ఎక్కించుకుని పడేయాలి. రసం అంటిందనిపిస్తే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి, ఆ చేత్తో కళ్లు తాకకూడదు.

దీన్ని పొలంలో మందు కొట్టి చంపమని ఎవరికీ చెప్పను. అది వరి రసం పీల్చే దోమపోటు పురుగుల్ని తిని బతికే రైతు నేస్తం. దాన్ని మా ఇంటికి రప్పించేది మా లైటే. పెరటివైపు తెల్ల ట్యూబులైటు తీసేసి పసుపు బల్బు పెట్టాం, కోతల కాలంలో చీకటిపడగానే ఆ వైపు తలుపులు మూసేస్తాం. పొక్కులు రావడం బాగా తగ్గింది.

మునగ చెట్టుకి వానల్లో గొంగళిపురుగులు పడతాయి, పగలు కాండం మీద గుంపుగా దుప్పటి కప్పినట్టు ఉంటాయి. ఇక్కడ కాగడాతో కాల్చడం అలవాటు. కాలిస్తే ఆ నూగు పొగతో పాటు లేస్తుంది, నాలాంటివాళ్లకి అది మంచిది కాదు. పొడుగు కర్రకి గుడ్డ చుట్టి సబ్బునీళ్ల బకెట్టులోకి తోసేస్తాం. నూగు ఒంటికి గుచ్చుకుంటే రుద్దకూడదు. సెల్లోటేపు అంటించి లాగితే వెంట్రుకలు దానితో వచ్చేస్తాయి, తర్వాత కడుక్కోవాలి.

వయ్యారిభామ మొక్కల్ని మాత్రం నేను పీకను. టెస్టులో దానికి దద్దురొచ్చింది కాబట్టి ఆ పని మా ఆయనది, చేతులకి తొడుగులు వేసుకుని, పూత రాకముందే. పూత వచ్చాక పీకితే పుప్పొడి మనమే చల్లుకున్నట్టు. మిగతా పెరటి పనంతా నాదే. ఫుల్ చేతుల చొక్కా, సాక్సు, తలకి గుడ్డ. తెల్లవారుజామున, సందెవేళ కాకుండా ఎండ వచ్చాక చేస్తాను. లోపలికి రాగానే బట్టలు మార్చి స్నానం.

మందుల సంగతి పొడుగ్గా చెప్పను, ఎవరి డాక్టరు వాళ్లకి చెబుతారు. రెండు విషయాలు మాత్రం నాకు బాగా పనికొచ్చాయి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రోజూ వాడాలి, తుమ్ములొచ్చినప్పుడు మాత్రమే వాడితే లాభం లేదు. పూర్తి గుణం కనబడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. నేను ఆషాఢానికి ముందే మొదలుపెడతాను. తల కొంచెం ముందుకి వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, కొస చెవివైపు ఉండేలా కొట్టాలి. ముక్కు మధ్య గోడకి కొడితే నెత్తురొస్తుంది. గట్టిగా పీల్చకూడదు, గొంతులోకి పోతుంది. షాపుల్లో ముక్కు దిబ్బడకి ఇచ్చే డ్రాప్స్ ఐదు రోజులకి మించితే దిబ్బడ ఇంకా తిరగబెడుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. పిల్లికూతలకి ఇన్‌హేలరు ఇచ్చారు. అలవాటు పడిపోతామేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి చాలా తక్కువ మోతాదులో వెళ్తుందనీ, మాత్ర ఒళ్లంతా తిరుగుతుందనీ ఆవిడ వివరించాక మా ఆయనే దగ్గరుండి వేయిస్తున్నారు.

ఇప్పటికీ నాకు లొంగనిది నూర్పుల కాలం. మార్గశిరంలో మా గోడ అవతలే మిషను పెట్టి వరి నూరుస్తారు, ఆ ధూళి రెండు మూడు రోజులు వీధంతా కమ్ముకుంటుంది. ఆ రోజులకి కిటికీలు మూసుకుని ఉంటాను, లేదా పాతపట్నంలో మా అక్క ఇంటికి వెళ్తాను. డాక్టరమ్మ ఇమ్యునోథెరపీ కూడా ఉందన్నారు. మైట్ సారాన్నే కొంచెం కొంచెంగా ఇస్తూ ఒంటికి అలవాటు చేయడం, మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, మొదట్లో తరచూ విశాఖ వెళ్లాలి. ఈ ఏడాది కోతలయ్యాక చూద్దామన్నాను. బీర పాదులు పందిరి ఎక్కాయి, బంతి దసరాకి పూస్తుంది, ఇప్పుడు ఇల్లు వదిలి వెళ్లలేను.